చెట్టుకు పట్టీతో బిగించే మెట్లు వేటకు పనికివస్తాయా?

మంచె ఎక్కడానికి బెరడులోకి తిప్పి దించే మర మెట్లు మేలా, పట్టీతో బిగించే మెట్లు మేలా అని మీరు అడిగారు. పట్టీ మెట్లే మేలు. అయితే మీరు విశాఖపట్నంలో ఉంటున్నట్లు రాశారు కనుక ముందే ఒక మాట చెప్పవలసి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ సరదా వేటకు తావు లేదు. కంబాలకొండ వంటి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడమే నేరం; లోపల వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. కాబట్టి నేను చెప్పేది వేటకు లైసెన్సు ఇచ్చే దేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం. చెట్టెక్కి పక్షుల ఫొటోలు తీసుకునే వారికి కూడా మెట్ల సంగతి వరకు పనికివస్తుంది.

నేను గాజువాకలో ఉంటాను. ఓడల నిర్మాణంలో రిగ్గరుగా, అంటే తాళ్లు, గొలుసులతో బరువులు ఎత్తించే పనివాడిగా చేసి విరమించాను. ఎత్తు మీద మనిషిని నిలబెట్టేది ఏమిటో నాకు తెలుసునని ధైర్యంగానే చెబుతాను.

మా అమ్మాయి, అల్లుడు పెన్సిల్వేనియాలో ఉంటారు. అక్కడ నవంబరు చివర జింకల తుపాకీ సీజను మొదలవుతుంది. తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు కనబడాలన్నది వేటగాళ్లకు అక్కడి నియమం. చూడటానికి వెళ్లిన నాకూ మా అల్లుడు ఆ రంగు కోటు తొడిగించాడు. అతని స్నేహితుడొకరు వారం ముందు పొడి వాతావరణంలో ఒక చెట్టుకు మెట్లు బిగించి ఉంచారు. ఆ చెట్టు బెరడు మన నీలగిరి చెట్టు మానులా నున్నగా ఉంది. మధ్యలో వర్షం, ఆపైన మంచు కురిశాయి. నైలాను పట్టీ తడిస్తే కొంత సాగుతుంది. తెల్లవారకముందే ఆయన ఎక్కడం మొదలుపెట్టి, దాదాపు పైకి చేరాక, బూటును మెట్టు మొదట్లో, అంటే మానుకు ఆనుకున్న వైపు కాక, కొసన ఆనించారు. మెట్టు మాను చుట్టూ పక్కకు తిరిగిపోయింది. బకిలు బెరడును గీసుకుంటూ వెళ్లిన చప్పుడు నాకు కింద వినిపించింది.

ఆయన పడిపోలేదు. నడుము నుంచి మాను చుట్టూ వేసుకున్న బెల్టు బిగుసుకోవడంతో మూరెడు జారి, చెట్టును కావలించుకుని ఆగిపోయారు. "మామయ్యగారూ, మీరు దూరంగా జరగండి" అని మా అల్లుడు కంగారుపడ్డాడు. "బెల్టు పట్టింది బాబూ, ముందు ఆయనను కింది మెట్టు మీద కాలు మోపమను" అన్నాను. కాలు మోపారు, ఊపిరి పీల్చుకున్నారు, మెల్లగా దిగారు. తుపాకీ అప్పటికి నేల మీదే ఉంది. దానిని భుజాన వేసుకుని ఎక్కకూడదు. గుళ్లు తీసి, మనిషి పైన కుదురుకున్న తరువాత తాడుతో లాక్కోవాలి.

మెట్లు కొనేవారు మెట్టు బరువు, రంగు, మడత గురించి గంటల తరబడి చర్చిస్తారు గాని ఈ బెల్టు గురించి అడగరు. చాలామంది ఒంటికి హార్నెస్ అనే, పడిపోకుండా ఆపే పట్టీల కట్టు తొడుక్కుంటారు, కాని దానిని చెట్టుకు తగిలించేది మంచె మీద కూర్చున్నాకే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మెట్ల మీద నుంచి మంచె మీదకు అడుగు మార్చేటప్పుడు జరిగే ప్రమాదాలకు అది ఎలా అడ్డుపడుతుంది? భీమిలి వైపు కల్లు కోసం తాటిచెట్లు గీసే వారిని చూడండి. నడుముకూ మానుకూ కలిపి చుట్టే మోకు నేల మీదే వేసుకుంటారు, తిరిగి నేల మీదకు వచ్చాకే తీస్తారు. వారికి ఎవరూ కరపత్రాలు పంచలేదు. అలాంటి వారిని చదువు లేనివారని చిన్నచూపు చూసే మన పట్నం వాళ్లే, బెల్టు కట్టుకోవడం పిరికితనమని భావిస్తారు.

ఇక మెట్ల విషయానికి వస్తే, మర మెట్లు మానుకు గాయం చేస్తాయి. మాను లోపల ఇనుము మిగిలిపోతే రంపపు మిల్లులో పళ్లు విరుగుతాయి. అందుకే అమెరికాలోని చాలా రాష్ట్రాలు ప్రభుత్వ భూముల్లో వాటిని అనుమతించవు. పట్టీ మెట్టును బిగించిన తరువాత, మొదట్లో కాలు ఆనించి గట్టిగా కిందికి అదిమితే దాని పళ్లు బెరడును పట్టుకుంటాయి. అప్పుడు పట్టీని మరోసారి లాగి బిగించాలి. మెట్ల మధ్య దూరం మోకాలి ఎత్తుకు మించకూడదు. పై మెట్టు మంచె కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే మంచె అంచు పట్టుకుని పైకి పాకవలసి వస్తుంది.

ఆన్‌లైన్లో అమ్మే చవక సెట్లలో కొన్నింటి మీద ఎంత బరువు మోస్తాయో రాసి ఉండదు. బొమ్మలో మాత్రం ఆరడుగుల మనిషి నవ్వుతూ నిలబడి ఉంటాడు. బరువు రాయని పట్టీని మా పనిలో బస్తా ఎత్తడానికి కూడా వాడనిచ్చేవారు కాదు.

సీజను ముగియగానే మెట్లు విప్పి ఇంటికి తెచ్చుకోవడం మరవకండి. ఎండకు పట్టీ నారలు పెళుసుబారతాయి, మాను లావెక్కే కొద్దీ పట్టీ బెరడులోకి దిగుతుంది, పైగా ఉడుతలు వాటిని కొరుకుతాయి. ఉడుత కొరికిన చోటు మరుసటి ఏడు చీకట్లో ఎక్కేవాడికి కనబడదు.