ఎడిటింగ్ కోర్సుకు డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మాది నర్సంపేట. మా బాబు ఇంటర్ పాసై, ఏడాదిగా హన్మకొండలో ఒక ఫొటో స్టూడియోలో పని చేస్తున్నాడు. ఒరిజినల్ ఫొటో చెడకుండా ఎడిట్ చేసే పద్ధతి వచ్చిందని, ఇక ముందంతా అదేనని అంటాడు. ఓనరేమో పని ఆలస్యమవుతోందని, ఒక పెళ్లి ఎడిటింగ్ మొత్తం కనిపించకుండా పోయిందని గట్టిగా కోప్పడ్డారట. ఇప్పుడు కోర్సు ఫీజు, కొత్త లాప్‌టాప్ అడుగుతున్నాడు. కట్టమంటారా? డిగ్రీలో చేర్పించమంటారా?

జవాబు: మీ బాబు చెప్పేది నిజమే, ఓనర్ కోపమూ న్యాయమే. రెండూ ఎలా నిజమో ముందు చెబుతాను, ఫీజు సంగతి దాన్నిబట్టే తేలుతుంది.

పాత పద్ధతిలో జేపెగ్ ఫొటో తెరిచి, వెలుగు పెంచి, దాని మీదే సేవ్ కొడతారు. ఇక వెనక్కి రాలేం. మీ బాబు చెప్పే నాన్-డిస్ట్రక్టివ్ పద్ధతిలో కెమెరా ఇచ్చిన రా (ముడి) ఫైల్‌ను ముట్టుకోరు. దర్జీ బట్ట కత్తిరించకుండా సుద్దతో గీతలు గీసుకున్నట్టు, లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏం మార్చాలో మాత్రమే రాసి పెట్టుకుంటుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలుంటే, 14 బిట్ రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. హల్దీ ఫంక్షన్‌లో పసుపు, పసుపు టెంటు, పసుపు చీర కలిసి పెళ్లికూతురి ముఖం రంగు మారిపోయినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. రా ఫైలైతే చర్మం రంగు చాలావరకు తిరిగొస్తుంది. అందుకే ఈ పద్ధతి తప్పకుండా నేర్చుకోవాల్సిందే.

ఇబ్బందల్లా ఆ రాసి పెట్టుకున్నది ఎక్కడుందన్న దగ్గర వస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో అది క్యాటలాగ్ అనే వేరే ఫైల్‌లో ఉంటుంది. హార్డ్ డిస్క్‌ను ఇంకో సిస్టమ్‌కు పెట్టి తెచ్చాక ఇ డ్రైవ్ కాస్తా ఎఫ్ డ్రైవ్ అయినా, ఎవరో ఫోల్డర్ పేరు మార్చినా, ఫోల్డర్ పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఫొటోలు తెరుచుకోవు. ఓనర్ చెప్పిన పెళ్లికి ఇదే జరిగి ఉండొచ్చు. క్యాటలాగ్ భద్రంగా ఉంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్ నొక్కి, కొత్త చోటు చూపిస్తే పని మొత్తం తిరిగొస్తుంది. బాబుతో ఈ రోజే ప్రయత్నించమనండి. క్యాటలాగే డిలీట్ అయి, ఫొటో పక్కనే ఆ మార్పులను దాచే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైళ్లు కూడా రాయించుకోకపోతే మాత్రం ఆ పని మళ్లీ చేయాల్సిందే. ఆ ఎక్స్‌ఎంపీ ఆప్షన్ దానంతటది ఆన్‌లో ఉండదు, సెట్టింగ్స్‌లో మనమే పెట్టుకోవాలి. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఎక్స్‌ఎంపీలే రాస్తుంది కానీ, అందులో చేసిన రంగుల పని లైట్‌రూమ్‌లో యథాతథంగా తెరుచుకోదు.

ఇంకో చిక్కు ఫొటోషాప్‌లో ఉంది. ముఖం మీద మచ్చలను ఫొటో పైన కొత్త లేయర్‌లో (పొరలో) హీలింగ్ బ్రష్‌తో తీశాడనుకోండి. ఒరిజినల్ కింద భద్రంగానే ఉంది. తర్వాత కస్టమర్ వచ్చి ముఖం ఇంకా కొంచెం ఎర్రగానే ఉందంటే, కింద స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో (ఒరిజినల్‌ను చెడకుండా లోపల దాచుకునే లేయర్‌లో) రంగు మారుస్తాడు. పైన హీల్ చేసిన చుక్కలు మాత్రం పాత రంగులోనే నిలబడి, అతుకుల్లా కనబడతాయి. మళ్లీ టచింగ్ చేయాలి. అందుకే ముందు రంగులు ఖాయం చేసుకుని తర్వాత టచింగ్‌కు వెళ్లాలి. ఈ వరుస తెలియని కుర్రాడు ఎంత కష్టపడ్డా ఆలస్యమే అవుతుంది.

ఆల్బమ్ దగ్గర బరువు కూడా పెరుగుతుంది. 12x36 అంగుళాల షీట్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3600x10800 పిక్సెల్స్. 8 బిట్‌లో ఒక్క పొరే సుమారు 117 ఎంబీ, 16 బిట్‌లో దానికి రెట్టింపు. ప్రతి ఫొటోనూ స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెట్టుకుంటూ పోతే మామూలు సిస్టమ్ మొరాయిస్తుంది, ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైల్ 2 జీబీ దాటితే సేవ్ కూడా కాదు. చివరికి ప్రింటింగ్ ల్యాబ్‌కు సాధారణంగా వెళ్లేది జేపెగ్గే. ఎక్కడిదాకా దాచుకోవాలి, ఎక్కడ లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి (ఫ్లాటెన్ చేసి) ముందుకెళ్లాలి అన్న తీర్పు ఉన్నవాడికే స్టూడియోల్లో విలువ. నా దృష్టిలో మీ బాబుకు ఇప్పుడు కావాల్సింది ఇదే. స్లైడర్లు కదపడం వాడికి ఎలాగూ వచ్చు.

కాబట్టి కోర్సు వాళ్లను ఒక్కటే అడగండి: ఒక పెళ్లి రా ఫైళ్లు ఇచ్చి, ఏరడం నుంచి ల్యాబ్‌కు పంపే షీటు వరకు చేయించి, నెల తర్వాత వేరే సిస్టమ్‌లో అదే పని తెరిపించి మార్పు చేయిస్తారా? చేయిస్తామంటే, పాత విద్యార్థి చేసింది చూపించమనండి. ప్రీసెట్లు (ఒక్క క్లిక్‌తో పడే రెడీమేడ్ సెట్టింగ్స్) ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం అని మాత్రమే అంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. సాధనకు డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్ ఉచితం. 2025లో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్లను కూడా తర్వాత మార్చుకోవచ్చు. లాప్‌టాప్ ఇప్పుడే వద్దు. ముందు రెండు హార్డ్ డిస్కులు కొనివ్వండి. ఫొటోలూ క్యాటలాగూ రెండింటిలో ఉంచడం అలవాటు కావాలి.

ఇక చదువు. మానేయనివ్వొద్దు. పెళ్లిళ్ల సీజన్ ఉన్నన్నాళ్లు చేతినిండా పని, మూఢం వస్తే ఖాళీ. ఫొటోగ్రఫీ మీదే మనసుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్‌లో బీఎఫ్‌ఏ ఉంది. నాలుగేళ్ల కోర్సు, ఇంటర్ పాసైనవాళ్లు రాయొచ్చు. ఎఫ్‌ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. పత్రికలు, ప్రొడక్ట్ ఫొటోలు, కట్టడాల డాక్యుమెంటేషన్ వైపు వెళ్లడానికి ఇది పనికొస్తుంది. వరల్డ్ ప్రెస్ ఫొటో లాంటి పోటీల్లో చివరి వడపోతకు చేరినవాళ్లను కెమెరా ఒరిజినల్ ఫైళ్లు ఇమ్మంటారు. ఒరిజినల్ జాగ్రత్తగా ఉంచే మీ బాబు అలవాటు అక్కడ అక్కరకొస్తుంది.

హైదరాబాద్ పంపడం కష్టమైతే హన్మకొండలోనే డిగ్రీలో చేర్చి, సాయంత్రాలు అదే స్టూడియోలో కొనసాగనివ్వండి. ఓనర్ దగ్గరికి మీరూ ఒకసారి వెళ్లి మాట్లాడండి. పోయిన పెళ్లి ఫోల్డర్ దొరికితే ఆ మాట మరింత తేలికవుతుంది.