రెండు రోజుల శిక్షణ పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

హౌస్ సర్జన్లకీ పీజీలకీ స్టాఫ్ నర్సులకీ కలిపి పరిశోధన మీద రెండు రోజుల శిక్షణ పెట్టే పని నీ నెత్తిన పడిందని రాశావు. నువ్వు పంపిన కార్యక్రమం చూశాను. మొదటి రోజు నిర్వచనాలు, స్టడీ డిజైన్లు, శాంప్లింగ్. రెండో రోజంతా టి టెస్టు, కై స్క్వేరు లాంటి గణాంక పరీక్షలు, సాయంత్రం సర్టిఫికెట్లు. ఇందులో వాళ్లు విననిదేమీ లేదు. పీజీలకి చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ వాళ్ల ఆన్‌లైన్ బేసిక్ కోర్సు ఎలాగూ తప్పనిసరి. ఆ పాఠాలే మళ్లీ చెబితే రెండో రోజు మధ్యాహ్నానికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి.

వీడియో నేర్పలేని పని ఒకటుంది. ఒక మనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగి, వచ్చిన జవాబుని ప్రొఫార్మాలో, అంటే ప్రశ్నలూ గడులూ ఉన్న కాగితంలో, సరైన గడిలో రాయడం. థీసిస్‌లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. గడిలో తప్పు పడ్డాక పైన ఎంత పెద్ద టెస్టు పెట్టినా ఆ తప్పు దిద్దుకోదు. కాబట్టి రెండు రోజుల్లో ఒకటిన్నర రోజు ప్రొఫార్మాకే ఇవ్వు.

ఇరవై నాలుగు మందికి మించి తీసుకోకు. ఆరుగురు చొప్పున నాలుగు బల్లలు, ప్రతి బల్లకీ కనీసం ఒక సిస్టర్. దొరికితే ఒక ల్యాబ్ టెక్నీషియన్. వార్డు రిజిస్టర్లో బీపీ గడి ఎప్పుడు నింపుతారో, డ్యూటీ దిగేముందు ఎన్ని గడులు గుర్తున్నంతవరకు నిండుతాయో సిస్టర్‌కి తెలుసు, పీజీకి తెలియదు. హిమోగ్లోబిన్ పోయిన ఏడాది సాహ్లీ పద్ధతిలో (రంగు కంటితో పోల్చి) చూసి ఈ ఏడాది సెల్ కౌంటర్ యంత్రం మీద చూస్తుంటే ఆ సంగతి టెక్నీషియన్ చెప్పాలి. రెండేళ్ల రికార్డులు కలిపి ‘రక్తహీనత తగ్గింది’ అని రాసేవాళ్లు చాలామంది ఆ ఒక్క మాట అడగరు. నర్సింగ్ సూపరింటెండెంట్‌తో డ్యూటీ చార్టు వేయకముందే మాట్లాడుకో. నైట్ డ్యూటీ దిగిన మనిషిని తెచ్చి కూర్చోబెట్టడం అన్యాయం.

మొదటి గంట ప్రశ్నకి. ‘గర్భిణుల్లో రక్తహీనత - ఒక అధ్యయనం’ అని రాసుకొస్తారు. అది శీర్షిక, అందులో ప్రశ్నే లేదు. ‘మన యాంటీనేటల్ ఓపీకి (గర్భిణుల ఓపీకి) వచ్చి ఐరన్ మాత్రలు తీసుకెళ్లిన వాళ్లలో, గత ఏడు రోజుల్లో ఏడూ మింగినవాళ్లు నూటికి ఎందరు?’ అన్నది ప్రశ్న. ఎవరిని, ఎక్కడ, ఏమిటి, ఎన్నాళ్లది, అన్నీ అందులోనే ఉన్నాయి. పోల్చుకోవడానికి కొలబద్ద కూడా ఉంది: 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉన్న మాత్ర, రోజుకొకటి, నాలుగో నెల నుంచి 180 రోజులు. నాలుగు బల్లలకీ ఈ ఒక్క ప్రశ్నే ఇవ్వు. తలా ఒక టాపిక్ ఇస్తే నువ్వు ఎవరినీ దిద్దలేవు.

ప్రశ్న కుదిరాక ప్రొఫార్మా జోలికి వెళ్లనివ్వకు. ముందు ఖాళీ పట్టికలు గీయించు. రేపు థీసిస్‌లో రాబోయే పట్టికలే, అంకెలు లేకుండా, అడ్డం నిలువు పేర్లతో. ఐదారు చాలు. తర్వాత ప్రొఫార్మా రాసి, ఏ పట్టికలోకీ వెళ్లని ప్రశ్నని కొట్టేయమను. మతం, ఇంటి పైకప్పు, భర్త అలవాట్లు, ఎవరి థీసిస్ నుంచో దిగుమతి అయినవన్నీ అక్కడే రాలిపోతాయి. నాలుగు పేజీల ప్రొఫార్మా ఒకటిన్నరకి దిగుతుంది. ఓపీ వరసలో నిలబడి కాళ్లు నొప్పులు పుట్టిన మనిషిని నలభై ప్రశ్నలు అడిగితే పాతికో ప్రశ్న నుంచి అన్నిటికీ ‘ఆ’ అనే అంటుంది.

ఇక అడగడం. ఇక్కడ తొందరపడకు. సిస్టర్‌ని గర్భిణిగా కూర్చోబెట్టి హౌస్ సర్జన్ చేత అడిగించు. ‘మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?’ అంటాడు. ‘వేసుకుంటున్నానండీ.’ అయిపోయింది, నూటికి తొంభై ఐదు మంది వేసుకుంటున్నట్టు తేలుతుంది. కోటు వేసుకున్నవాడి ఎదుట మరో జవాబు ఎవరు చెబుతారు? అదే ప్రశ్నని ఇలా అడిగించు: ‘ఈ మాత్రకి చాలామందికి కడుపులో తిప్పుతుంది, ఒక్కోరోజు మర్చిపోతాం కూడా. నిన్న వేసుకున్నారా? మొన్న?’ అలా వెనక్కి ఏడు రోజులు. ఆ తర్వాత స్ట్రిప్పు చూపించమనాలి. ఇరవై రోజుల కిందట 30 ఇచ్చారు, చేతిలో 10 ఉండాలి. 18 ఉన్నాయంటే ఎనిమిది తప్పాయి. పారేసినవి, తోడికోడలికి ఇచ్చినవి మింగిన లెక్కలోకే వస్తాయనుకో, ఆ సంగతి పరిమితుల్లో రాయాలి. నోటిమాటకీ స్ట్రిప్పుకీ మధ్య తేడా కళ్లతో చూస్తే చాలు, బయాస్ (జవాబు ఒకవైపుకి ఒరగడం) మీద స్లైడు అక్కర్లేదు.

‘ఎన్నో నెల?’ అన్న ప్రశ్న కూడా ఆడించి చూడు. ‘ఐదు వెళ్లి ఆరు పడింది’ అంటుంది సిస్టర్. నాలుగు బల్లల మీద ఏం రాశారో చూస్తే కొందరు 5, కొందరు 6, ఒకరు 5.5 రాసి ఉంటారు. అందరూ ఒకే మాట విన్నారు. నెల అడగొద్దు, చివరి నెలసరి తేదీ రాసుకుని వారాలు తర్వాత లెక్కకట్టాలి అని అప్పుడు చెబితే ఎక్కుతుంది. వయసు దగ్గరా అంతే. ఇరవై, ఇరవై అయిదు దగ్గర గుట్ట పడుతుంది. ఆధార్ చూద్దామంటే కొందరికి జనవరి 1 పుట్టినరోజు.

ఇంగ్లీషు ప్రొఫార్మాని తెలుగు చెయ్యడం ఒకరి పని, దాన్ని తిరిగి ఇంగ్లీషు చెయ్యడం అసలు ప్రొఫార్మా చూడని ఇంకొకరి పని. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో కనబడుతుంది. నువ్వు కోస్తా పిల్లవి, పనిచేసేది తెలంగాణలో. ‘కళ్లు తిరుగుతున్నాయా’ అని రాస్తావు, అక్కడ కొందరు ‘చక్కర్ వస్తుంది’ అంటారు. మీ ఆయాని ఒకసారి చదివి వినిపించమను, ఆమె తడబడిన చోటల్లా వాక్యం మార్చు.

రెండో రోజు ఉదయం కొలతలు. బీపీ ఒక్కటి తీసుకున్నా చాలు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకి ఆనుడు ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద, కాలు మీద కాలు వద్దు, మాట్లాడించొద్దు. రెండు రీడింగులు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు. కఫ్ లోపలి బ్లాడర్ పొడవు జబ్బ చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి. లావు జబ్బకి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనబడుతుంది. ఇది చేయించాక మీ వార్డు రిజిస్టర్ తెప్పించి వరసగా నూరు రీడింగుల చివరి అంకె లెక్కపెట్టించు. గేజి మీద గీతలు రెండు రెండు చొప్పున ఉంటాయి కనుక 0, 2, 4, 6, 8 తలా ఇరవై దాకా రావాలి. సున్నాలే డెబ్భై వస్తే ఎవరూ గీత చూడట్లేదని అర్థం. పేర్లు కనబడకుండా కాగితం అడ్డం పెట్టు. సిస్టర్లని వేలెత్తి చూపడానికి కాదిది, ఓపీలో డాక్టర్లు రాసినవీ లెక్కపెట్టించు, వాళ్లవీ అలాగే ఉంటాయి.

తర్వాత ఎక్సెల్. ఒక మనిషికి ఒక అడ్డు వరస, ఒక సంగతికి ఒక నిలువు వరస. గడులు కలపొద్దు, రంగులతో అర్థాలు చెప్పొద్దు, 110/70 అని ఒకే గడిలో కొట్టొద్దు. ‘అవును’కి ఒక్క కోడే ఉండాలి, పెద్దక్షరం చిన్నక్షరం కూడా మారకూడదు. తేదీలో రోజూ నెలా తారుమారవుతాయి, కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయించు. ఏ కోడు దేనికో చెప్పే కోడ్ పుస్తకం డేటా మొదలుకాక ముందే ఉండాలి. మనిషి పేరూ ఫోనూ వేరే ఫైల్లో, తాళంలో, ఇక్కడ నంబరు మాత్రమే.

ఒక్క లెక్క వాళ్ల చేతనే చేయించు. నూరుమంది గర్భిణులు, తొంభై ఏడుగురికి హిమోగ్లోబిన్ సగటు 10. ముగ్గురికి రిపోర్టు రాలేదు, ‘తెలియదు’కి కోడు 99 అని ఆ గడుల్లో 99 కొట్టారు. సగటు తీస్తే 12.67. గర్భిణికి 11 లోపు రక్తహీనత కదా, ఊరంతా ఆరోగ్యం! ఈ తప్పు సాఫ్ట్‌వేర్ పట్టదు, అడిగినదే చేసిపెడుతుంది. ప్రతి అంకెల గడికీ అన్నిటికన్నా చిన్నదీ పెద్దదీ చూసుకోవడం, పదోవంతు ప్రొఫార్మాలు ఇంకొకరు రెండోసారి కొట్టి పోల్చడం, ఈ రెండూ అలవాటు చెయ్యి.

శాంపిల్ సైజుకి, అంటే ఎంతమందిని అడగాలన్న లెక్కకి, ఒక గంట చాలు, కానీ అందులో దొంగదారి ఒకటి చూపించాలి. సూత్రం నాలుగు పీ క్యూ బై డీ స్క్వేర్: పీ అంటే మింగేవాళ్ల శాతం, క్యూ మిగతావాళ్లది, డీ అటూఇటూ ఒప్పుకునే తేడా. మింగేవాళ్లు 60 శాతం అనుకో, ఐదు శాతం అటూఇటూ: 4 × 60 × 40 ని 25 తో భాగిస్తే 384. పదిశాతం మంది కాదంటారనుకుంటే 0.9 తో భాగించి 427. ఇది పెద్దదనిపించి ‘రిలేటివ్ ఎర్రర్ 20 శాతం’ అని తీసుకుంటారు. అంటే 60లో 20 శాతం, డీ 12, శాంపిల్ 67. పని తేలికైంది, జవాబు మాత్రం 48 నుంచి 72 మధ్య ఎక్కడో ఉంది. ఆ జవాబుతో ఎవరికి ఏం ఉపయోగమో ఆ పీజీనే చెప్పమను.

అక్కడే క్యాలెండర్ కూడా తీయించు. ఒకరు రోజుకి పదిమందిని మించి బాగా అడగలేరు. 427 అంటే 43 ఓపీ రోజులు. యాంటీనేటల్ ఓపీ వారానికి మూడు రోజులైతే పద్నాలుగు వారాలు దాటుతుంది. ఎంబీబీఎస్ విద్యార్థులకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి ఉన్నది రెండే నెలలు. కాబట్టి ఇద్దరు అడగాలి, లేదా ప్రశ్న చిన్నది కావాలి. ఈ భాగహారం చెయ్యనివాళ్లే ఆఖరి వారం గదిలో కూర్చుని ప్రొఫార్మాలు నింపుతారు. ఒకే పెన్ను, ఒకే చేతివాటం, మడతలేని కాగితాలు, చూడగానే తెలుస్తుంది. గైడ్ ప్రతి నెలా ఐదు శాతం మందికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు మళ్లీ అడుగుతాడని మొదటి రోజే చెప్పేయండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క ప్రొఫార్మా కూడా నింపకూడదు, వెనక తేదీతో అనుమతి అనేది లేదు. మందో ఆహారమో వ్యాయామమో ఇచ్చి ఫలితం చూసే పనైతే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు మొదటి మనిషిని చేర్చుకోకముందే కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి వాళ్లు వెనక నమోదు తీసుకోవడం లేదు. అంగీకార పత్రం చదవడం కూడా ఆడించు. చదువురాని మనిషైతే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, ఊరికే వేలిముద్ర చాలదు. మాత్రలిచ్చే సిస్టరే ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అంటే, పెట్టకపోతే మాత్రలు ఇవ్వరేమో అనుకుంటుంది ఆవిడ. అడిగే మనిషి వేరేగా ఉండాలి, మాత్రలు చేతికొచ్చాక అడగాలి.

పబ్‌మెడ్ (వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితా) వెతకడం ఒక అరగంట. మెష్ పదాలు (అందులో ఒక్కో విషయానికి వాడే స్థిరమైన పేర్లు) చూపించు, అంతకన్నా అక్కర్లేదు. రిఫరెన్సులు చాట్‌బాట్‌ని అడిగి తెచ్చుకుంటున్నారు ఇప్పుడు. లేని పేపర్లు పేరూ సంవత్సరంతో సహా పుట్టించి ఇస్తుంది అది. ప్రతి రిఫరెన్సూ తెరిచి, కనీసం సారాంశం చదివాకే జాబితాలోకి. డబ్బు కట్టమని, మూడు రోజుల్లో వేస్తామని మెయిల్ పంపే జర్నళ్ల సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు, వాళ్లకి నువ్వు చెప్పు. పేపర్ మీద ఎవరి పేర్లు, ఏ వరసలో అన్నది మొదటి రోజే కాగితం మీద పెట్టించు. సిస్టర్లు పని చేసి పేరు లేకుండా మిగిలిపోయేది ఇక్కడే.

టి టెస్టులకి రెండో రోజు మధ్యాహ్నం మిగిలింది చాలు. పీ విలువ హద్దు 0.05 పెట్టుకుని నిజంగా ఏ తేడా లేని ఇరవై పోలికలు చేస్తే సగటున ఒకదాంట్లో ఊరికే తేడా ఉన్నట్టు ‘తేలుతుంది’ అన్నది తెలిస్తే మిగతాది స్టాటిస్టీషియన్ చూసుకుంటాడు. ఆయన దగ్గరికి డేటా పట్టుకుని కాదు, ఖాళీ పట్టికలు పట్టుకుని వెళ్లమను.

శిక్షణ అయిన నాలుగు వారాలకి ఒక పూట మళ్లీ కూర్చోబెట్టు. ఒక్కో బల్లా ఈలోగా, ఎథిక్స్ అనుమతి వచ్చాక, పదేసి పైలట్ (సరిచూసుకోవడానికి నింపే) ప్రొఫార్మాలు నింపి తేవాలి. కొట్టివేతలతో, ఖాళీ గడులతో, ఉన్నవి ఉన్నట్టుగా. సర్టిఫికెట్ ఆ రోజు ఇవ్వు, ముందు కాదు. ఆ నలభై కాగితాలూ స్కాన్ చేసి నాకూ పంపు, పేర్లు కొట్టేసి.

ఉంటాను,
పెదనాన్న