అడగండి చెప్తా: ఫైల్ చిన్నదైంది సరే, పాటకేమైంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు పాటల ఫైళ్ల గురించే. ఏ రాగం, ఎవరు పాడారు అని ఒక్కళ్లూ అడగలేదు, అందరికీ కేబీపీఎస్‌లే (సెకను పాటకి ఎన్ని కిలోబిట్లు అన్న లెక్క) కావాలి! సర్లెండి, మీరడిగిందే చెప్తా. ఒకే రకం ప్రశ్నలు నాలుగైదు వస్తే కలిపి ఒకటి చేశా, మీది కనపడకపోతే అలగొద్దు.

ప్రశ్న: సర్, కాలేజీ రోజుల నుంచి పోగేసిన పాటలు ఒక హార్డ్ డిస్క్ నిండా ఉన్నాయి, దాదాపు అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లే. మా అబ్బాయి చూసి "నాన్నా ఇదంతా చెత్త, ఇందులో సగం పాట తీసేసి ఉంటుంది" అంటున్నాడు. నిజమేనా? మరి నేను ఇన్నేళ్లూ విన్నదేంటి?

జవాబు: లెక్క ప్రకారం చూస్తే మీవాడు తక్కువే చెప్పాడండీ. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, కొలిచిన ప్రతిసారీ 16 బిట్లలో రాస్తారు, ఎడమ కుడి రెండు చానెళ్లకీ కలిపితే సెకనుకి 1,411 కిలోబిట్లు. మీ ఫైల్లో ఉన్నవి 128. అంటే పదకొండో వంతు. నిమిషం పాటకి సీడీలో 10 ఎంబీ పడితే మీ దాంట్లో సుమారు ఒక్క ఎంబీ.

మరి పదకొండో వంతే మిగిలితే పాట పాటలా ఎలా వినపడుతోంది అంటే, కిటుకంతా మన చెవిలో ఉంది. ఒక స్వరం గట్టిగా మోగుతున్నప్పుడు దాన్ని ఆనుకుని సన్నగా మోగే ఇంకో స్వరం చెవికి అందదు. గట్టిగా ఒక దెబ్బ పడ్డ వెంటనే వచ్చే చిన్న చప్పుడు కూడా అంతే, ఉన్నా లేనట్టే. ఎంపీ3 ఎన్‌కోడర్, అంటే పాటని కుదించే ప్రోగ్రామ్, ఇలాంటి చోట్లు వెతికి పట్టుకుని అక్కడ బిట్లు ఆదా చేస్తుంది. అందరూ అనుకున్నట్టు కత్తెర పెట్టి ముక్కలు కోసేయడం కాదు ఇది, ఆ చోట్ల శబ్దాన్ని ముతకగా రాసేస్తుంది, ఆ ముతకదనం వల్ల పుట్టే రొద పెద్ద శబ్దం చాటున దాక్కుంటుంది. మీరు వింటున్నది రొద కలిసిన పాటే, కాకపోతే ఆ రొద మీకు దొరకట్లేదు.

జర్మనీలో ఎర్లాంగెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన టీమ్ దీని మీద పనిచేస్తున్నప్పుడు వాళ్లని బాగా ఏడిపించింది సుజాన్ వేగా పాడిన టామ్స్ డైనర్ అనే పాట. ఎందుకంటే అందులో వాయిద్యాల్లేవు, ఒట్టి గొంతు. రొద దాక్కోడానికి చాటే లేదు! ఆ గొంతు సరిగ్గా వచ్చేదాకా వాళ్లు ఎన్‌కోడర్‌ని చెక్కుతూనే ఉన్నారు. ఇది తెలిశాక నాకైతే ఏ కొత్త ఇయర్‌ఫోన్ కొన్నా ముందు వాయిద్యాలు తక్కువున్న పాట పెట్టి చూడ్డం అలవాటైపోయింది, ఆర్కెస్ట్రా పాటలో ఎన్ని తప్పులైనా కలిసిపోతాయి.

మీ ఫైళ్లలో తేడా పట్టుకోవాలంటే సింబల్స్ (డ్రమ్స్‌తో వాయించే కంచు పళ్లేలు) మోగే చోట, చప్పట్ల చోట వినండి. అక్కడ నీళ్లలోంచి వస్తున్నట్టు గలగలమంటుంది. 128 దగ్గర చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్‌జ్ పైనున్నదంతా వదిలేస్తాయి కూడా. వయసు పెరిగేకొద్దీ చెవికి ముందుగా తగ్గేవి ఆ పై ఫ్రీక్వెన్సీలే కాబట్టి, మీవాడికి తెలిసే తేడా మీకు తెలియకపోవచ్చు, ఇది వాడితో అనకండి మళ్లీ, ఇంకోటి దొరికిందని సంబరపడతాడు. ఆ హార్డ్ డిస్క్ మాత్రం పారేయకండి, అందులో ఎక్కడా దొరకని రికార్డింగులు కొన్ని ఖచ్చితంగా ఉంటాయి.

ప్రశ్న: అన్నా, 128 పాటల్ని 320కి గానీ ఫ్లాక్‌కి (ఏమీ పోగొట్టకుండా కుదించే ఫైల్ రకం) గానీ కన్వర్ట్ చేస్తే క్వాలిటీ పెరుగుతుందా? యాప్ ఒకటి దొరికింది.

జవాబు: పెరగదు తమ్ముడూ. మసకబారిన జిరాక్స్‌ని ఎంత మంచి పేపర్ మీద మళ్లీ జిరాక్స్ తీసినా అక్షరాలు తేటపడవు కదా, ఇదీ అంతే, పైగా ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే రొద మీద రొద పడి ఇంకొంచెం పాడవుతుంది. ఫ్లాక్ చేస్తే ఇంకేం పాడవదు కానీ ఫైల్ ఊరికే లావవుతుంది. ఇలా లావు చేసిన ఫైళ్లని అసలు ఫ్లాక్ అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు, అనుమానం వస్తే స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో తెలిపే బొమ్మ) చూపించే ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడు, 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర గీత గీసి కోసినట్టు పైనంతా ఖాళీగా కనపడితే అది వేషం మార్చిన ఎంపీ3 అయ్యే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: ఇదివరకు ఒక క్యాసెట్ కొంటే అరిగిపోయేదాకా వినేదాన్ని, అందులో పాటల వరస ఇప్పటికీ నోటికొస్తుంది. ఇప్పుడు ఫోన్లో కోట్ల పాటలు, ఒక్కటీ చివరిదాకా వినట్లేదు, ఇరవై సెకన్లకే నెక్స్ట్ కొట్టేస్తున్నా. పాటలు బాగోవా, నేను మారానా, లేక ఈ డిజిటల్ గోల వల్లేనా? మీరేమంటారండీ?

జవాబు: ఇవాళ్టి ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

క్వాలిటీ తగ్గిందా పెరిగిందా అని జనం కొట్టుకుంటారు కానీ డిజిటల్ తెచ్చిన అసలు మార్పు అది కాదని నా అభిప్రాయం. మారింది రెండు: పాట నుంచి పాటకి దూకడం ఎంత తేలిక అనేది ఒకటి, పాట ఎంత చోటు తింటుంది అనేది రెండోది.

పాతకాలం 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాలే, పాట ఎంతుండాలో ఆ పళ్లెమే చెప్పేది. 1948లో ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) వచ్చాక ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది, దాంతో పాటల వరస అనేది ఒక పని అయింది. వైపు మొదట్లో ఏది పెట్టాలి, చివర ఏది పెట్టాలి అని కూర్చుని ఆలోచించేవాళ్లు. ఎల్పీలో గాడి లోపలికి వెళ్లేకొద్దీ శబ్దం కొంచెం చెదురుతుంది, అందుకని నెమ్మదిగా సాగే పాటని చాలాసార్లు వైపు చివర్లో పెట్టేవాళ్లు. మనమేమో అది కవిహృదయం అనుకున్నాం, సగం సూది బాధ!

క్యాసెట్లో నచ్చని పాట దాటాలంటే ఫార్వర్డ్ నొక్కి, ఆపి, విని, ఎక్కువ పోతే వెనక్కి తిప్పి, ఇంత తంటా. ఆ తంటా పడలేక నచ్చని పాట కూడా వినేసేవాళ్లం. నాకు అలా వినీ వినీ పదోసారికి ఎక్కిన పాటలున్నాయి, ఇప్పుడు వాటికి మొదటి ఇరవై సెకన్లే ఛాన్స్, పదోసారి అనేదే రాదు. మీరు "పాటలు బాగోవా" అన్నారు చూడండి, బాగున్నాయో లేదో తేలేంత సమయం వాటికి దొరకట్లేదు.

మొదటి దెబ్బ ఎంపీ3 కొట్టలేదు, సీడీ కొట్టింది. 1982లో సీడీ వచ్చినప్పుడు 74 నిమిషాలు, గీతల చప్పుడు లేదు, అరుగుదల లేదు అని అందరూ దాని శుభ్రత గురించే మాట్లాడారు. కానీ రిమోట్ మీద నెక్స్ట్ బటన్, షఫుల్ బటన్ వచ్చి కూర్చున్నాయి. వేలు కదిపితే పాట మారిపోతుంది. అక్కడే మొదలైందండీ మీ ఇరవై సెకన్ల జబ్బు.

తర్వాత సైజు కథ. .ఎంపీ3 అనే పేరు ఖాయమైంది 1995లో, 1997లో కంప్యూటర్లో ఎంపీ3లు వినిపించే విన్‌యాంప్ వచ్చింది, 1999లో జనం ఒకరి పాటలు ఒకరు ఇంటర్నెట్‌లో పంచుకునే నాప్‌స్టర్. అప్పటి ఇంటర్నెట్ స్పీడుకి సీడీ నాణ్యతలో పాట పంపాలంటే పూటలు పట్టేది, పదకొండో వంతు అయ్యేసరికి అదే పాట ప్రపంచం చుట్టొచ్చింది. కోర్టు కేసులతో 2001లో నాప్‌స్టర్ మూతపడింది గానీ, అప్పటికి జనానికి ఒక విషయం అర్థమైపోయింది: ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు, కావాల్సిన పాట ఒక్కటి చాలు. 1998లో వచ్చిన మొదటి ఎంపీ3 ప్లేయర్లలో 32 ఎంబీ, అంటే ముష్టి అరగంట పాటలు. మూడేళ్లు తిరిగేసరికి ఐపాడ్ 5 జీబీతో వెయ్యి పాటలు జేబులో పెట్టింది. 2003లో ఐట్యూన్స్ స్టోర్ పాటలు విడివిడిగా అమ్మడం మొదలుపెట్టాక ఇక ఆల్బమ్ వరస అన్నది వినేవాళ్ల దయ. 2008లో స్పాటిఫై మొదలయ్యాక కొనడం, దాచుకోవడం కూడా అక్కర్లేకుండా పోయింది, ఇప్పుడు పెద్ద సర్వీసుల్లో 10 కోట్ల పాటలు పైనే.

ఇంకో సంగతి, స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు లెక్క. మీరు ఇరవైకే మారుస్తున్నారంటే ఆ పాట వాళ్లకి ఖాతాలో కూడా పడదు. అందుకే ఈ మధ్య పాటల్లో నిమిషం నిమిషం వాయిద్యాలతో సాగే ఆరంభాలు తగ్గి, మొదట్లోనే హుక్ లైన్ వినిపించేస్తున్నారని నాకనిపిస్తుంది. మీరు మారారు, మిమ్మల్ని చూసి పాట మారింది.

అలాగని నేను పాతవే గొప్పవి అనే బ్యాచ్ కాదు. నా దగ్గర ఇంట్లో రికార్డు చేసుకున్న ఒక టేపుండేది, ఎ సైడ్ ఆఖరి పాట మధ్యలో టేపు అయిపోయి రెండో చరణం సగంలో తెగిపోయేది. కొన్నేళ్లు నాకు ఆ పాట అంతే. తర్వాతెప్పుడో ఎంపీ3 దొరికి మొత్తం విన్నప్పుడు, మూడో చరణం వేరేవాళ్ల పాటలా అనిపించింది, బాగుంది, కానీ ఇప్పటికీ ఆ తెగే చోటు రాగానే లోపల ఏదో టక్కుమంటుంది. డిజిటల్ లేకపోతే ఆ మూడో చరణం నాకు దక్కేదే కాదు.

మీకు చెప్పగలిగింది ఒకటే చిట్కా: ఒక ఆల్బమ్ డౌన్‌లోడ్ చేసి, షఫుల్ ఆపి, ఫోన్ చేతికందనంత దూరంలో పెట్టి వినండి. లేచి వెళ్లి మార్చాలంటే బద్ధకం కదా, ఆ బద్ధకమే ఇదివరకు మన చేత పాటలు వినిపించింది.

ప్రశ్న: లాస్‌లెస్ ప్లాన్ తీసుకున్నా, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఏం తేడా తెలియట్లేదు. నా చెవులు పాడయ్యాయా బ్రో?

జవాబు: చెవులు భేష్. లాస్‌లెస్ ఫైల్, అంటే కుదింపులో ఏమీ పోగొట్టుకోనిది, ఫోన్ దాకా సుబ్బరంగా వస్తుంది, అక్కణ్ణుంచి ఇయర్‌బడ్‌కి వెళ్లేటప్పుడు బ్లూటూత్ దాన్ని ఎస్‌బీసీ, ఏఏసీ లాంటి ఏదో ఒక కుదింపు పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. ఎల్‌డాక్ అనే పద్ధతి అయితే 990 కేబీపీఎస్ దాకా పోతుంది, అదీ లాసీయే, అంటే కొంత పోగొట్టేదే. తేడా వినాలంటే వైర్ పెట్టాలి. వైర్ పెట్టినా బాగా ఎన్‌కోడ్ చేసిన 320 ఎంపీ3కీ లాస్‌లెస్‌కీ తేడా పట్టుకోవడం చాలామందికి గగనమే. నమ్మకం లేకపోతే ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి ఏది మోగుతోందో నీకు చెప్పకుండా మార్చమను, కానీ రెండిటి వాల్యూమ్ సమానంగా ఉండాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. ఆ టెస్టులో ఓడిపోతే ప్లాన్ మార్చుకో, ఆ డబ్బులు మంచి ఇయర్‌ఫోన్స్‌కి పెట్టు, తేడా అక్కడ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్ అనాలో సర్ అనాలో తెలీదు, క్షమించాలి. మా అమ్మ పాడిన పాటలు రెండు పాత క్యాసెట్లలో ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేరు. అవి ఎంపీ3 చేసి బంధువులందరికీ పంపాలని ఉంది, ఎలా చేయాలి?

జవాబు: ఏదన్నా పర్లేదండీ. ముందు తొందరపడి ప్లే చేయకండి. చాలాకాలం కదలని టేపు అయితే మంచి కండిషన్లో ఉన్న డెక్‌లో పెట్టి, ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్లీ వెనక్కి తిప్పండి, పొరలు అతుక్కుని ఉంటే విడతాయి. టేపుని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో, అదే దూది పుల్లతో, తుడవండి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి మాత్రం రికార్డు చేయొద్దు, డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి గానీ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి గానీ వైర్ కలపండి. లెవెల్ ఎర్రగీత తాకకూడదు, డిజిటల్‌లో హద్దు దాటితే గొంతు చిట్లినట్టు అవుతుంది, అది తర్వాత బాగుచేయలేం. 24 బిట్ వేవ్ ఫైల్‌లో (అసలు కుదించనిది) రికార్డు చేసి ఫ్లాక్‌గా దాచండి, బిట్ కూడా పోదు, సైజు మాత్రం బాగా తగ్గుతుంది.

టేపు బుస్సుమనే చప్పుడు తీసేయడానికి సాఫ్ట్‌వేర్లున్నాయి, కానీ అసలు కాపీ మీద ఆ ప్రయోగం చేయకండి, ఎందుకంటే అవి బుస్సుతో పాటు ఊపిరి కూడా లాగేస్తాయి. పాటకి ముందు ఆవిడ గొంతు సవరించుకోవడం, మధ్యలో ఎవరో పిలవడం లాంటివి ఉంటే అవీ ఉంచండి. ఫ్లాక్ కాపీలు రెండు చోట్ల పెట్టి, ఫైల్ పేరులో పాట, ఏడాది రాసుకోండి. ఆ ఫ్లాక్ నుంచి 192 ఎంపీ3లు తీసి బంధువులకి పంపండి, వాళ్లు ఎలాగూ ఫోన్ స్పీకర్లోనే వింటారు.