కోచ్ కావాలనుకుంటున్న చిన్నాకు

చిన్నా,

నీ మోకాలి సంగతి తెలిసి బాధపడ్డాను. ఇక ఫుట్‌బాల్ ఆడొద్దని ఇద్దరు డాక్టర్లు చెప్పాక మూడో డాక్టరు కోసం తిరగకుండా కోచింగ్ వైపు చూస్తున్నావు, అది నాకు నచ్చింది. కానీ ఫోన్‌లో ఇంకో మాట కూడా అన్నావు. "ఇన్నేళ్లు ఆడాను కదా సార్, కొత్తగా నేర్చుకునేదేముంది, లైసెన్స్ కాగితం చేతికొస్తే చాలు. ఎప్పటికైనా ఇండియా టీమ్‌కి కోచ్ అవుతా" అని. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే సార్" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఇండియా కోచ్ అవుతానన్నందుకు నేను నవ్వడం లేదు. ఆడినంత మాత్రాన ఆడించడం వచ్చేస్తుందన్న నమ్మకం దగ్గరే నాకు పేచీ. అర్జెంటీనాని చూడు. మారడోనా కన్నా బాగా ఆడినవాణ్ని చూపించమంటే ఎవరం చూపిస్తాం? 2010 వరల్డ్ కప్‌లో ఆయనే కోచ్, జట్టులో మెస్సీ ఉన్నాడు. క్వార్టర్ ఫైనల్లో జర్మనీ నాలుగు గోల్స్ కొట్టి ఇంటికి పంపింది. అదే దేశానికి 2018లో స్కలోనీ అనే మాజీ ఆటగాణ్ని తాత్కాలిక కోచ్‌గా కూర్చోబెడితే జనం ఎగతాళి చేశారు. ఆటగాడిగా 2006 వరల్డ్ కప్ జట్టులో ఉన్నాడన్న మాటే గానీ ఆడింది ఒక్క మ్యాచ్. అంతకుముందు పెద్దల జట్టు దేనికీ హెడ్ కోచ్‌గా చేసినవాడు కాదు. 2021లో కోపా అమెరికా, 2022లో వరల్డ్ కప్ ఆయన చేతుల మీదుగానే వచ్చాయి. మెస్సీ ఇద్దరి దగ్గరా ఆడాడు సుమా.

అంత దూరం ఎందుకంటావా, ఖాలిద్ జమీల్ దారి చూడు. 2025 ఆగస్టులో ఇండియా కోచ్ అయ్యాడు. సావియో మెదైరా తర్వాత పదమూడేళ్లకు మనవాడొకడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇండియా జెర్సీ వేసుకున్న మిడ్‌ఫీల్డరే, మహీంద్రా యునైటెడ్ క్లబ్బులో ఆడాడు, కానీ గాయాలు ఆయన్నీ నీలాగే వదల్లేదు. ముప్ఫై రెండేళ్లకే, 2009లో, ముంబై ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు. కోల్‌కతా క్లబ్బులకున్న డబ్బూ లేదు, జనమూ లేరు. ఏటా ఐ-లీగ్‌లోంచి, అంటే అప్పటి మన పెద్ద క్లబ్బుల లీగ్‌లోంచి, కిందికి జారకపోతే అదే పండగ. దాదాపు ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ ఏడేళ్లూ ఆయన పేరు పేపర్లో వెతికినా పెద్దగా కనపడేది కాదు. నీకైతే రెండో ఏడే టెన్షన్ మొదలవుతుంది, నాకు తెలుసు.

తర్వాత 2016లో ఐజ్వాల్‌కి వెళ్లాడు. అంతకుముందు సీజన్లోనే కింది డివిజన్‌కి పడిపోయి, అదృష్టం బాగుండి మళ్లీ లీగ్‌లో చోటు దొరికిన మిజోరం జట్టది. అశుతోష్ మెహతా, జయేష్ రాణే లాంటి కుర్రాళ్లు ముంబైలో ఈయన దగ్గర ఆడినవాళ్లే. ఎవరిని ఎక్కడ నిలబెడితే ఎంత పని జరుగుతుందో ఆ ఏడేళ్లలో ఆయనకి కొట్టినపిండి అయిపోయింది. 2017 ఏప్రిల్ 30న చివరి మ్యాచ్‌లో షిల్లాంగ్ లజాంగ్‌తో 1-1 డ్రా చేసుకుని ఐ-లీగ్ కప్పు ఎత్తుకున్నారు. ఈశాన్యం నుంచి అప్పటిదాకా ఏ క్లబ్బూ ఆ లీగ్ గెలవలేదు. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, నార్త్ ఈస్ట్ యునైటెడ్, జంషెడ్‌పూర్. ఇండియా కోచ్ పదవి, కోచింగ్ మొదలుపెట్టిన పదహారేళ్ల తర్వాతి మాట.

అందుకని నా మొదటి సలహా, ఎవరికీ అక్కర్లేని జట్టు దొరికితే వదలకు. మంచి కుర్రాళ్లున్న జట్టు నీకేమీ నేర్పదు, వాళ్లే గెలిచేస్తారు.

మన ఊరి రహీం సాబ్ సంగతి ఎన్నిసార్లు చెప్పానో నీకు. ఈసారి గ్రౌండ్‌లో ఆయన చేయించిన పని ఒకటి చెబుతాను. సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేసి 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు టోర్నీ గెలిపించాడు. ఆయన ఇక్కడ బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగే (బంతిని కాలితో తోసుకుంటూ పోవడమే) లేని పోటీలు పెట్టించేవాడు. నువ్వూ చేసి చూడు. చిన్న కోర్టు గీసి, అటు ఐదుగురు ఇటు ఐదుగురిని దింపు. కుడికాలి వాటం వాడు కుడికాలితో బంతి ముట్టుకుంటే ఫౌల్. మొదటి పది నిమిషాలు చూడలేవు, బంతి పక్క వీధిలోకి పోతుంది. తర్వాత గమనించు. కాలు ఎలాగూ సాయం చేయదు కాబట్టి పిల్లలు బంతి రాకముందే తలెత్తి చుట్టూ చూడటం మొదలుపెడతారు. ఒకడు అరుస్తాడు, ఇంకొకడు ఖాళీ జాగాలోకి పరిగెత్తుతాడు. "తలెత్తి ఆడండ్రా" అని నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియా కోచ్ ఆయనే, అక్కడా అంతే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాతి మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే బెంచ్ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ ఆయన్ని తీసుకెళ్లి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు, 2-1తో బంగారు పతకం మనది. ఏ పుస్తకం చూసి చేశాడు ఆ మార్పు? ఆ మనిషి ఏం చేయగలడో ముందే తెలిసి ఉండాలి. ఇదే కోచ్ 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినవాడు, మన వాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. నాలుగేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చాడు.

నేషనల్ టీమ్ అన్నావు కాబట్టి ఆ ఉద్యోగం తీరు కూడా తెలుసుకో. క్లబ్బు కోచ్‌కి కుర్రాళ్లు రోజూ కళ్లముందుంటారు. నేషనల్ కోచ్‌కి ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతారు, అదీ ఒకడు అలసిపోయి, ఒకడు దెబ్బతో. 2025లో కాఫా నేషన్స్ కప్ (మధ్య ఆసియా దేశాల టోర్నీ) పూర్తిగా ఫిఫా విండోలో, అంటే క్లబ్బులు ఆటగాళ్లను దేశానికి పంపి తీరాల్సిన రోజుల్లో, లేదు కాబట్టి మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. పంపకపోవడం వాళ్ల హక్కు. ఉన్నవాళ్లతోనే వెళ్లి, మూడో స్థానం మ్యాచ్‌లో ఒమన్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించారు. జమీల్‌ని ఆకాశానికెత్తారు. నెల తిరిగేసరికి మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్ ఆశ పోయింది. పొగిడిన నోళ్లే తిట్టాయి. ఆ కుర్చీలో ఎవరున్నా అంతే, దాన్ని మనసుకి పట్టించుకుంటే నిద్ర ఉండదు.

మన నయీముద్దీన్ సాబ్ 1970లో కెప్టెన్‌గా ఆసియా క్రీడల కాంస్యం తెచ్చి, తర్వాత కోచ్‌గా 1997లో, 2005లో శాఫ్ (దక్షిణాసియా దేశాల పోటీ) టైటిళ్లు గెలిపించారు. అర్జున, ద్రోణాచార్య రెండూ ఉన్న మనిషి. కెప్టెన్ పేరుతో ఆయనకి మొదటి రోజు గౌరవం దొరికి ఉంటుంది. రెండో రోజు నుంచి ట్రైనింగ్ ఎలా ఉందనేదే చూస్తారు కుర్రాళ్లు. నీ పేరుకి ఒక పూట గౌరవం వస్తుందేమో, అంతే.

లైసెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డి నుంచి సి, బి, ఎ, ఆపైన ప్రో, మామూలుగా మెట్టు దాటేసి పోవడం కుదరదు. కోర్సులో నేర్పిందాన్ని మర్నాడే పిల్లల మీద ప్రయత్నించే వీలు లేకపోతే డబ్బు దండగ. అందుకే ముందు జట్టు, తర్వాతే దరఖాస్తు. మ్యాచ్ చూసేటప్పుడు బంతి వెంట కళ్లు తిప్పే అలవాటు కూడా మానుకో. ఒక పూటంతా లెఫ్ట్ బ్యాక్ (ఎడమ పక్క డిఫెండర్) ఒక్కణ్నే చూడు, బంతి వాడి దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడ్డాడో కాగితం మీద రాయి. విసుగొస్తుంది. రానీ.

మా గ్రౌండ్‌లో పదమూడేళ్ల లోపు పిల్లల జట్టొకటి కోచ్ లేక అల్లాడుతోంది. ఈ సీజన్లో ఇంతవరకు ఒక్క మ్యాచ్ గెలవలేదు, గోల్‌కీపర్‌కి బంతంటే భయం. ఆదివారం పొద్దున ఆరింటికి రా. జీతం ఎంతని మాత్రం అడగకు, చెబితే రావు.

మీ సార్