అమీన్‌పూర్ చెరువులో డన్లిన్: ఈబర్డ్‌లో రికార్డు ఎందుకు ఆగింది

హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువులో డన్లిన్ అనే వలస పిట్టను చూశానని ఈబర్డ్‌లో (పిట్టల రికార్డులు నమోదు చేసే వెబ్‌సైట్) పెడితే, ఆ రికార్డు ఆమోదం కాకుండా ఎందుకు ఆగిందని అడిగారు. తోక మొదలు కనిపించే ఫొటో లేకపోవడం వల్లే ఆగి ఉంటుంది. మీరు పెట్టినవన్నీ నిలబడి ఉన్న పిట్ట ఫొటోలేనన్నారు. చలికాలపు ఈకల్లో డన్లిన్, కర్లూ సాండ్‌పైపర్ రెండూ బూడిదరంగే, రెండింటి ముక్కూ కిందికి వంగేదే. మన దక్షిణాదిలో డన్లిన్ అరుదు కాబట్టి, ముందు ఇది రెండోది కాదని తేలాలి.

ముక్కు పొడవును నమ్ముకోకండి, ఆడ డన్లిన్ ముక్కు కూడా పొడవే. రెక్క విప్పినప్పుడు తోక మొదలు దగ్గర పైభాగం చూడండి:
కర్లూ సాండ్‌పైపర్ – అంతా తెలుపు.
డన్లిన్ – తెలుపు మధ్యలో నల్లటి పట్టీ.

చాలామంది తప్పేది ఇక్కడే: ఎగిరే ఫొటో కోసం పిట్టను లేపుతారు. దయచేసి ఆ పని చేయకండి. వలస పిట్ట కొవ్వు కూడబెట్టుకునేది ఆ బురదలోనే, ఉత్తపుణ్యాన ఎగిరిన ప్రతిసారీ అందులోంచే ఖర్చు.

1. పొద్దున్నే, ఎండ వీపున పడేలా గట్టు మీద కూర్చోండి. బురదలోకి దిగొద్దు.
2. ఈకలు సవరించుకోవడం మొదలెట్టగానే వీడియో తీయండి. ఆ తర్వాత రెక్కలు చాచడం మామూలే. అందులోంచి ఒక్క ఫ్రేమ్ చాలు.
3. మార్ష్ హారియర్ (పిట్టల్ని వేటాడే గద్ద లాంటి పక్షి) వస్తే గుంపు దానంతటదే లేస్తుంది. షట్టర్ 1/2000 పెట్టి సిద్ధంగా ఉండండి.
4. పిట్ట మేత ఆపి తల ఎత్తినా, తీతువు అరుపు అందుకున్నా మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే. మెల్లగా వెనక్కి రండి.

దొరికిన ఫ్రేమ్‌ని అదే చెక్‌లిస్ట్‌కి (ఈబర్డ్‌లో మీరు పెట్టిన పిట్టల జాబితాకి) జోడించి, వ్యాఖ్యలో తోక మొదలు పైభాగం ఎలా ఉందో రాయండి.