బొమ్మ కింది పేరు పట్టుకుని వెళ్లాక దొరికిన ఆర్టిస్టులు

ఇప్పుడు పనిచేస్తున్న ఆర్టిస్టులు, ఇలస్ట్రేటర్లు, డిజైనర్లలో ఎవరిని ఫాలో అవ్వాలి, వాళ్లను ఎలా కనిపెట్టాలి అని అడిగారు. ఓ జాబితా రాసిచ్చేయొచ్చు గానీ, నాకు జాబితాలు ఎప్పుడూ అచ్చిరాలేదు. ‘తప్పక చూడాల్సిన 50 మంది’ అని ఎక్కడైనా కనిపిస్తే చాలు, కూర్చున్న చోటే యాభై మందినీ ఫాలో కొట్టేసేదాన్ని. అలా నేను ఫాలో అయ్యేవాళ్లు తొమ్మిది వందలు దాటారు. వాళ్లలో ఐదుగురి పేర్లు చెప్పమంటే మాత్రం తడుముకునేదాన్ని.

నా పద్ధతి మారింది ఒక వాల్‌పేపర్ వల్ల. వానలో ఆగిన బస్సు బొమ్మ అది. అద్దాలన్నీ మసక, ఒక్క కిటికీలో మాత్రం ఎవరో అరచేత్తో తుడిచినంత మేర పసుపు వెలుతురు. రెండేళ్లు నా ఫోన్‌లో ఉంది. వేరేవాళ్ల బొమ్మల్ని మళ్లీ పోస్ట్ చేసే ఓ పెద్ద రీపోస్ట్ పేజీలోంచి సేవ్ చేసుకున్నాను. వేసిందెవరో వాళ్లు రాయలేదు, నేనూ పట్టించుకోలేదు. ఓ రోజు ఫ్రెండ్ ‘ఎవరేశారే ఇది?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి టిన్‌ఐలో, అంటే బొమ్మ ఇస్తే అది నెట్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతికిపెట్టే సైటులో, ఆ బొమ్మ పెట్టి వెతికాను. అందులో ఫలితాలను పాతవి ముందొచ్చేలా పేర్చుకోవచ్చు. అలా అడుగుకంటా వెళ్తే అసలు బొమ్మ దొరికింది. నా దగ్గరున్నది కత్తిరించిన ముక్క. కుడి అంచున సంతకం ఉందని ఆ అంచే కోసేశారు. ఆ అంచులోనే, గొడుగు లేకుండా తడుస్తూ ఆ కిటికీ వైపు చూస్తున్న మనిషి కూడా ఉన్నాడు! అంటే ఆ బొమ్మలో కథే నేను చూడలేదన్నమాట.

సంతకం దొరికాక ఆ బొమ్మ వేసినావిడ సైటు, ఆవిడ ఎవరెవరిని ఫాలో అవుతోంది అన్నదీ చూశాను. వంద మంది కూడా లేరు. తొమ్మిది వందల నా గుంపు కంటే ఆ వంద మందే నాకు ఎక్కువ నేర్పారు. మనకు నచ్చిన మనిషి కన్ను ఎక్కడ ఆగుతుందో చూడటం కంటే మంచి సిఫార్సు నాకైతే ఇంకా దొరకలేదు.

ఆ దారిలోనే కొరియా ఇలస్ట్రేటర్ సూజీ లీ దగ్గరికి చేరాను. ఆవిడ ‘వేవ్’ 2008లో వచ్చింది, మాటల్లేని బొమ్మల పుస్తకం. ఎడమ పేజీలో పాప, కుడి పేజీలో సముద్రం. మధ్యలో పుస్తకం మడతే గట్టు. పాప చెయ్యి చాపితే ఆ మడతలోకి మాయమవుతుంది. అలవి కాని అల ఒకటి గట్టు దాటి పాప మీద పడేదాకా నీలం రంగు కుడివైపే ఉంటుంది, ఆ తర్వాత ఇటువైపంతా పాకుతుంది. ఫోన్‌లో ఒక్కో పేజీ విడిగా చూస్తే ఇది అందదు, ఎందుకంటే అక్కడ మడతే ఉండదు. అందుకే ఎవరైనా బాగా నచ్చితే వాళ్ల పనిని ఒక్కసారైనా అది పుట్టిన రూపంలో చూడండి. పుస్తకమైతే పుస్తకం, పోస్టరైతే గోడ మీద.

సూజీ లీకి 2022లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది, పిల్లల పుస్తకాలకు ఇచ్చే అంతర్జాతీయ అవార్డు అది. ఇలస్ట్రేటర్లకు ఆ అవార్డు 1966 నుంచి రెండేళ్లకోసారి ఇస్తున్నారు. నేను గెలిచినవాళ్లతో ఆగను, షార్ట్‌లిస్ట్ మొత్తం చూస్తాను. బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో ఏటా జరిగే ఇలస్ట్రేటర్ల ఎగ్జిబిషన్ ఇంకా మేలు. ఇంకా పుస్తకం అచ్చవ్వని వాళ్లు కూడా అక్కడ కనిపిస్తారు.

డిజైనర్ల కోసమైతే బిహాన్స్, వాళ్లు తమ పనులు పెట్టుకునే సైటు. అక్కడ ఒక లోగో వెనక తిరస్కరించిన పదిహేను స్కెచ్‌లు కూడా పెట్టేవాళ్లున్నారు, వాళ్లనే పట్టుకోండి. అలాంటిదే ఇంకో సైటు డ్రిబుల్‌లో చిన్న ముక్కలు చూసి చూసి నాకు విసుగొచ్చింది, ఇది నా గోల. ఇట్స్ నైస్ దట్, కొలోసల్ లాంటి సైట్లలో బొమ్మతో పాటు మనిషి పేరు, పని వివరం ఉంటాయి. రీపోస్ట్ పేజీలు ఆ పేరు రాయవనే వాటి మీద నా కోపమంతా.

పత్రికల్ని మర్చిపోవద్దు. న్యూయార్కర్ ముఖచిత్రం వేసిందెవరో లోపల విషయసూచికలో ఉంటుంది. ఆ ముఖచిత్రాలు వేసినవాళ్లలో క్రిస్టఫ్ నీమన్ ఒకరు. ఆయన సండే స్కెచ్‌లు చూడకపోతే ఇవాళే చూడండి. కాగితం మీద రెండు అరటిపండ్లు పెట్టి మిగతాది గీస్తే అవి గుర్రం వెనక కాళ్లయిపోతాయి. ఓ వారం పాటు ఇంట్లో ఏ వస్తువునూ మామూలుగా చూడలేకపోయాను.

ఇక ఎవర్ని ఉంచుకోవాలి? నచ్చగానే ఫాలో కొట్టను. మర్నాడు ఫోన్ తీయకుండా వాళ్ల బొమ్మ ఒకటైనా గుర్తొస్తేనే వెనక్కి వెళ్తాను. వారానికి ముప్ఫై మెరుగుపెట్టిన బొమ్మలు పెడుతూ ఒక్క చిత్తు స్కెచ్ కూడా చూపించని అకౌంట్ అయితే, ఈ ఏఐ రోజుల్లో, కాస్త ఆగుతాను. ఇన్‌స్టాగ్రామ్ 2016లో పోస్టులను తేదీల వరుసలో చూపడం మానేసింది, 2022లో మళ్లీ ఆ వరుసలో మనం ఫాలో అయ్యేవాళ్లనే చూపే ‘ఫాలోయింగ్’ ఫీడ్ తెచ్చింది. అది మనమే ఎంచుకోవాలి. లేదంటే కష్టపడి వెతికి ఫాలో అయినవాళ్లే మనకు కనపడరు.

ఇప్పుడు నా జాబితాలో నూట నలభై మంది ఉన్నారు. బస్సు బొమ్మ ఆవిడ ఈమధ్య లినోకట్‌లు, అంటే లినోలియం పలక చెక్కి అచ్చువేసే బొమ్మలు, చేస్తోంది. వాల్‌పేపర్ మార్చలేదు, కాకపోతే పూర్తి బొమ్మ పెట్టుకున్నాను. ఫోన్ తెర నిలువు కదా, ఆ తడుస్తున్న మనిషి గడియారం అంకెల వెనక సగం దాక్కుంటాడు.