గ్యాస్ లైన్ పనులకి గ్యాంగుల్ని ఎలా సర్దాలి? మన డెల్టాలో నేను చూసింది

"అమలాపురం వైపు ఇంటింటికీ గ్యాస్ ఇచ్చే కాంట్రాక్టులో ప్లానింగ్ చూస్తున్నానండి, ఒకరోజు గ్యాంగులు ఖాళీగా కూర్చుంటున్నాయి, మర్నాడు మనుషులు చాలట్లేదు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని మీలో ఒకరు అడిగారు కదా. ఇదే పని గోదావరి జిల్లాల్లో చాలాకాలంగా చేస్తున్నాను కాబట్టి చెప్తున్నానండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు ఏ నేల ఎప్పుడు తవ్వనిస్తదో చూసుకుని దాన్నిబట్టి మనుషుల్ని వేసుకోండి.

మన దగ్గర ఏడాదంతా తవ్వడం కుదరదు. దాళ్వా, అంటే రబీ వరి, అయ్యాక, ఇంచుమించు ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, నీళ్లు వదులుతారు, కాలువ క్రాసింగులు, గట్ల వెంబడి లైన్లు అన్నీ ఆ మధ్యలోనే పడిపోవాలి. ఇరిగేషన్ వాళ్ల రిపేర్లూ అప్పుడే, డ్రిల్లింగ్ మిషన్లకి గిరాకీ కూడా అప్పుడే, అందుకని పర్మిషన్ కాగితాలు సంక్రాంతి నాటికే పెట్టేయాలి, మిషన్‌కి అడ్వాన్స్ కూడా అప్పుడే ఇచ్చేయాలండి. నీళ్లు వదిలాక రేగడి నేలలో మీటరు లోతు తవ్వేసరికి ఊట వచ్చేస్తది, పక్కలు జారిపోతాయి, మోటారు పెట్టి తోడుతూనే ఉండాలి.

ఇంకోటి, మీకు తక్కువున్నది కూలీలు కాదండి, జాయింట్ వేసే వెల్డర్. పసుపు ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపుకి ఎలక్ట్రోఫ్యూజన్ జాయింట్, అంటే కరెంటుతో వేడిచేసి అతికించేది, వేసేటప్పుడు చూడండి, పైపు పైపొర గీకాలి, స్పిరిట్‌తో తుడవాలి, క్లాంపు బిగించాలి, వేడెక్కాక కప్లర్ (రెండు పైపుల్ని కలిపే ముక్క) మీద రాసున్న టైమంతా చల్లారేదాకా కదపకూడదు. బురద చెయ్యి తగిలినా, పైపు తడిగా ఉన్నా ఆ జాయింట్‌ని నమ్మలేం. అందుకే వెల్డర్లు ఎంతమందో లెక్క వేసుకుని రోజు ప్లాన్ వాళ్ల నుంచి మొదలెట్టండి, తవ్వే గ్యాంగ్ వాళ్లకి కాస్త ముందు నడవాలి, టెస్టింగ్, పూడ్చడం వెనకాల రావాలి. ఆ రోజు ప్రెజర్ టెస్ట్ అవ్వదనుకుంటే అంత పొడవు తవ్వకండి, ఊళ్లో గొయ్యి రాత్రంతా తెరిచుంచితే గేదో బండో పడుతుంది.

గ్యాస్ లీక్ అని ఫోన్ వస్తే వెళ్లే ఎమర్జెన్సీ బండినీ అందులో మనుషుల్నీ మాత్రం కన్‌స్ట్రక్షన్‌కి ముట్టుకోవద్దండి, టార్గెట్ ఎంత వెనకపడినా సరే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఎంతమంది పోయారో మన కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. లీక్ సర్వే, వాల్వ్ చెకప్ లాంటివి "గ్యాప్ దొరికితే చేద్దాం" అనుకుంటే ఎప్పటికీ అవ్వవు, వాటికి వారంలో ఒకరోజు ముందే రాసేసి పెట్టుకోండి. తవ్వే ముందు రోజు సీబీయూడీ (కాల్ బిఫోర్ యూ డిగ్, అంటే తవ్వే ముందు కింద కేబుళ్లు, పైపులు ఉన్నవాళ్లకి చెప్పే) యాప్‌లో పెట్టండి, అయినా పంచాయతీ వాటర్‌మాన్‌ని తీసుకెళ్లి నడిపించండి, పాత నీళ్ల పైపులు ఎక్కడున్నాయో ఆయనకి తెలిసినంత ఏ మ్యాప్‌కీ తెలియదు.

గ్యాంగులు ఖాళీగా ఉండటానికి మందు ఇదండి: పర్మిషన్, పైపు, ఫిట్టింగులు మూడూ చేతిలో ఉన్న పనినే వచ్చే వారం లిస్టులో పెట్టండి. దాని పక్కనే వాన పని లిస్ట్ ఒకటి, అంటే ఇళ్ల లోపల జీఐ (జింకు పూత ఇనుప) పైపు బిగింపు, మీటర్లు, అలాంటివి. అల్పపీడనం అనగానే జీఐ తెలిసిన వాళ్లు అటు వెళ్లిపోతారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదిలి ఎవరూ పనికి రారు, పెళ్లిళ్ల సీజన్లోనూ అంతే, ఆ రోజులు ముందే కొట్టేసుకోండి. ఇదంతా గూగుల్ షీట్‌లో పెట్టి సాయంత్రం ఐదింటికి మేస్త్రీలందరితో ఒక్క కాల్ మాట్లాడితే చాలండి, గ్యాంగులు పెరిగి షీట్ చేతికి అందకపోయినప్పుడు సాఫ్ట్‌వేర్ చూసుకోవచ్చు.